ఘాటు రాని పొగ

"ఏమే, ఈ ఏడు బాగుంది కదే?"

"నోరు మూసుకుని తినవయ్యా. పక్క కల్లంలో మనుషులున్నారు."

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ముందు మాట మా ఆయనది, తర్వాతది నాది. ఆయన ఉల్లిపాయ ముక్క కొరికి నవ్వినట్టే ఉంది గానీ నేను సరిగ్గా చూడలేదు. ఆయన మాట అవతలి కల్లం దాకా పోయిందేమోనని అటు చూస్తున్నాను.

మిరపకాయలు ఎండబోసిన కల్లం అది. మిట్టమధ్యాహ్నం. ట్రాక్టరు ట్రక్కు నీడలో కూర్చుని పెరుగన్నం తిన్నాం. తిన్నాక నేను కాయలు తిరగేయడానికి లేచాను. ఆయన ట్రక్కు చక్రానికి వీపు ఆనించి తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు. రోజూ అంతే, కాసేపు కునుకు తీసేవాడు. నేను కాయలు పరిచిన పట్టా ఆ చివరి దాకా తిరగేసి వచ్చి, "ఇంక లెగవయ్యా, పొద్దు వాలుతోంది" అన్నాను. లేవలేదు. తువ్వాలు లాగి చూశాను.

గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. నొప్పి తెలిసి ఉండదమ్మా అని కూడా చెప్పాడు. ఆయనకెలా తెలుసో మరి. చచ్చినవాణ్ణి అడిగాడా?

నేను చెబుతుంటే ఇది రాస్తున్నది మా కోడలు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. బస్సు మీద పర్చూరు అని ఉంటే పర్చూరు అని చదవగలను, అదీ బస్సు ఆగి ఉంటేనే. రాయడమంటే సంతకం వరకే. అందుకని ఈ పిల్ల చేతిలో పడ్డాను. ఫోన్లో బొటనవేళ్ళతో రాస్తోంది. నేను చిన్న మాట చెప్పినా ఆ వేళ్ళు చాలాసేపు ఆడుతున్నాయి. ఏం కలుపుతోందో తెలియదు. అడిగితే, "కలపడం లేదత్తయ్యా, తప్పులు దిద్దుతున్నాను" అంటోంది. నా మాటలో తప్పేముంది? ఇదిగో, ఈ మాట కూడా రాయి. రాశావా?

ఇదంతా ఎందుకు చెప్పిస్తున్నానంటే, ఆ "కదే" అన్న మాట నన్ను పీక్కు తింటోంది. మా ఆయనకు బాగుంది అనడం అలవాటే. పెళ్ళయిన నాటి నుంచీ అంటూనే ఉన్నాడు. కానీ ఎప్పుడూ చెప్పేవాడే తప్ప అడిగేవాడు కాదు. బాగుందే, అనేవాడు, అంతే, నా జవాబు కోసం ఆగేవాడు కాదు. ఆ రోజు మాత్రం అడిగాడు. ఎందుకడిగాడు? ఇన్నేళ్ళు నాతో కాపురం చేసి, నేను సుఖపడ్డానో లేదో తెలియకుండానే పోయాడా? ఆయనకు తెలుసా, తెలియదా? నాకు అదొక్కటి తేలితే చాలు.

మా పుట్టింట్లో బాగుంది అనే మాటే లేదు. ఎవరైనా వచ్చి పైరెట్టా ఉందని అడిగితే, ఏదో ఉంది అనాలి. గేదె పాలెన్ని ఇస్తోందంటే, ఏమిస్తోందిలే, దూడకే చాలట్లా అనాలి. చిన్నప్పుడు ఎవరో ఇంటికొచ్చి, పిల్ల ఒళ్ళు చేసిందే అన్నారు. మా అమ్మ చాటుగా నా జబ్బ గిల్లి, "ఏం ఒళ్ళో ఏమో, రోజూ జ్వరమే" అంది. నాకు జ్వరమేమోనని నేనే నుదురు పట్టుకుని చూసుకున్నాను.

ఒక ఏడు మా నాన్న పత్తి వేశాడు. కాయలు పగిలి చేనంతా తెల్లగా నవ్వుతోంది. ఆయన టీ కొట్టు దగ్గర కూర్చుని, "ఒరేయ్, మా చేను చూసి రండిరా, కళ్ళు చెదురుతాయి" అన్నాడు. ఆ వారంలోనే ముసురు పట్టింది. పత్తి తడిసి నల్లబడింది. అదంతా మీ నాన్న నోటి వల్లే అంది మా అమ్మ. వాన ఊరందరి చేల మీదా పడింది కదా, మిగతావాళ్ళేం అన్నారని నేను అడగలేదు. అడగాలని తోచలేదు. ఆ రోజు నుంచీ మంచి జరుగుతుంటే నాకు ముందు వణుకు పుడుతుంది. ఎవరో చూస్తున్నారు, ఎవరో వింటున్నారు అనిపిస్తుంది.

అట్లాంటి దాన్ని తీసుకొచ్చి ఈ మనిషికి కట్టబెట్టారు.

పెళ్ళయిన కొత్తలో, పొద్దున్నే అరుగు మీద కూర్చుని చద్దన్నం తింటున్నాడు. నేను పక్కన నిలబడి ఉన్నాను. "బాగుందే" అన్నాడు.

"పచ్చడా?"

"పచ్చడి కాదు."

"మరి పెరుగా?"

"పెరుగూ కాదే. ఇట్టా కూర్చోవడం."

నాకు అనుమానం వచ్చింది. మజ్జిగ పోసే వంకతో దగ్గరికి వంగి ఆయన నోరు వాసన చూశాను. తాగలేదు. తాగకుండా పొద్దున్నే ఇలాంటి మాటలు మాట్లాడే మగవాణ్ణి నేను అప్పటి దాకా చూడలేదు.

ఆయన బాగుందనే వాటికి అంతూ పొంతూ ఉండేది కాదు. పైరుకు మందు కొట్టి వచ్చి వేణ్ణీళ్ళు పోసుకుంటే బాగుంది. పిల్లవాడు కాయల బస్తా మీద బోర్లా పడి నిద్రపోతే బాగుంది. కరెంటు పోయి వీధంతా మంచాలు బయట వేసుకుంటే అదీ బాగుంది. అన్నీ గట్టిగానే అనేవాడు, గొంతు తగ్గించడం ఆయనకు చేతకాదు. నేను పళ్ళు కొరికి, "బాగుంది నా మొహం" అనేదాన్ని.

"నీ మొహమూ బాగానే ఉందే" అనేవాడు.

ఆ మాటకు వీధిలో అందరూ నవ్వేవాళ్ళు. నవ్వేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకునేదాన్ని, ఎవరి కన్ను ఎలాంటిదో అని.

అన్నిటికన్నా నాకు అనుమానం మా తోటికోడలి మీద. మా బావగారి భార్య ఆమె. అక్కా అంటాను. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఒక ఏడు మాకు మిరప బాగా కాసింది. కల్లంలో పోస్తే నిప్పు పరిచినట్టు ఉంది. ఆమె చూడ్డానికి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏందే, కల్లం పెళ్ళిపందిరిలాగా ఉందే!" అంది. అలా అందో లేదో, ఆ సాయంత్రమే చేలో మోటారు కాలిపోయింది. మా అబ్బాయి అప్పటికి చిన్నవాడు, ట్రాక్టరు మీద నుంచి జారి మోకాలు చెక్కుకున్నాడు. ఇంకేం కావాలి?

రాత్రి వంట కాకముందే దిష్టి తీశాను. ఉప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని ఆయన చుట్టూ, పిల్లవాడి చుట్టూ తిప్పి, నీళ్ళ పొయ్యి నిప్పుల్లో వేశాను. దిష్టి ఉందా లేదా అన్నది పొగ చెబుతుంది. మిరపకాయలు కాలినప్పుడు ఘాటు వచ్చి దగ్గు తెప్పిస్తే, దిష్టి లేనట్టు. ఘాటు రాలేదా, ఆ ఘాటునంతా దిష్టి మింగేసినట్టు. మా అమ్మ నేర్పింది ఇది. మా వైపు అందరికీ తెలిసిందే.

ఘాటు రాలేదు. దగ్గు లేదు, తుమ్ము లేదు.

"చూశావా?" అన్నాను ఆయనతో. "గుప్పెడు కాయలు వేశాను. చుక్క ఘాటు లేదు. ఎన్ని కళ్ళు పడ్డాయో!"

"అవునే" అన్నాడు ఆయన. ఆ మనిషి నాతో వాదించేవాడు కాదు. పొగ వైపు చూస్తూ కూర్చున్నాడు.

అప్పటి నుంచీ అది నాకు అలవాటైంది. మంచి పంట వస్తే తీసేదాన్ని. పిల్లవాడు పది పాసయ్యాడని తీశాను. ఇంటి మీద రేకులు తీసేసి స్లాబు వేసినప్పుడు తీశాను. పండగనాడు ఆయన కొత్త చొక్కా వేసుకుంటే చొక్కాకు తీశాను. ఏనాడూ ఘాటు రాలేదు. ఘాటు రాని కొద్దీ నాకు అనుమానం పెరిగింది. మనల్ని చూసి ఇంతమంది ఏడుస్తున్నారా అని గోడకు చెవి ఆనించి కూర్చునేదాన్ని. అవతల మా తోటికోడలు గిన్నె పడేసినా నా మీద కోపంతోనే పడేసిందనుకునేదాన్ని.

ఇలా ఉండగా మా అబ్బాయికి పెళ్ళి చేశాం. ఈ రాస్తున్న పిల్ల అప్పుడే వచ్చింది. వీళ్ళది రేపల్లె అవతల, కాలువ నీళ్ళు, వరి చేలు. వీళ్ళ ఇంట్లో మిరపకాయలు డబ్బాలో ఉండేవి. మా ఇంట్లో మిరపకాయల్లో మేముంటాం. మాఘమాసం వచ్చిందంటే మంచం కింద కాయలు, వసారాలో కాయలు, దిండు దులిపినా గింజలే రాలతాయి. మంచినీళ్ళు తాగినా కాస్త కారంగానే ఉంటాయి. మాకు అది తెలియదు. వచ్చినవాళ్ళు చెబితేనే తెలుస్తుంది.

కోడలు గడపలో అడుగుపెట్టిన రోజు, చుట్టాలు వెళ్ళిపోయాక, ఇద్దర్నీ పీట మీద కూర్చోబెట్టి దిష్టి తీశాను. పెళ్ళి కదా, ఊరంతా చూసింది, ఎన్ని కళ్ళు పడి ఉంటాయి! అందుకని మామూలుకన్నా ఎక్కువ కాయలు వేశాను. పొగ లేచింది. నేను ముక్కుతో పీల్చి చూశాను. ఏమీ లేదు.

"అనుకుంటూనే ఉన్నా" అన్నాను. "చుక్క ఘాటు లేదు. ఎంత దిష్టి తగిలిందో..."

నా మాట పూర్తి కాలేదు. ఈ పిల్ల దగ్గడం మొదలుపెట్టింది. అది దగ్గు కాదు, ప్రాణం పోతున్నట్టే. కళ్ళల్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. మా అబ్బాయి నీళ్ళ చెంబుతో వెనక పరిగెత్తాడు. అక్కడి నుంచి కేక వేసింది.

"అత్తయ్యా, ఇంత ఘాటుకి మీకు దగ్గు రావడం లేదా?"

ఇక్కడ రాయడం ఆపి నవ్వుతోంది. నవ్వు తర్వాత, ముందు రాయి.

మా ఆయన మొదట నా మొహం చూశాడు. తర్వాత పొయ్యి చూశాడు. తర్వాత నేల మీద చతికిలబడి నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒసే పిచ్చిదానా! ఘాటు రాక కాదే, మన ముక్కులు చచ్చి ఎన్నేళ్ళయిందో! మిరపకాయల్లో పుట్టి మిరపకాయల్లో పడి దొర్లేవాళ్ళకి ఘాటేందే!"

ఈ నవ్వుకు గోడ మీద మా తోటికోడలి తల లేచింది. "ఎవురి మీదే పొగ? నా మీదేనా?"

"నీ మీదెందుకక్కా? పెళ్ళికొచ్చినోళ్ళంతా చూశారుగా" అన్నాను.

"నాకు తెలవదనుకున్నావా? మీ కల్లంలో కాయలు పోసినప్పుడల్లా పొగ మా వంటింట్లోకే వస్తది. నువ్వు తీస్తే నేను తియ్యలేననుకున్నావా? నీ కళ్ళు పడతయ్యని నేనూ తీస్తన్నాలే!"

నాకు ఒళ్ళు మండింది. "నా కళ్ళా? మరి నీకెప్పుడన్నా ఘాటొచ్చిందా?"

"ఏనాడొచ్చింది? ఒక్కసారీ రాలా! అంత పాడు కళ్ళే నీయి!"

మా ఆయన నేల మీద నుంచి లేవలేకపోయాడు. "వదినా, నీక్కూడా చెప్తన్నా, నీ ముక్కూ చచ్చింది" అన్నాడు. ఆమె, "నీ మొహం, నా ముక్కు బంగారంలా ఉంది" అని తల దించుకుపోయింది.

నేను ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఇన్నేళ్ళ నా లెక్కంతా ఏమైపోవాలి? ఈ పిల్ల ముక్కే సున్నితం, వరి అన్నం తిని పెరిగిన ముక్కు అనుకున్నాను. సరే, ఇంకొకరి మీద చూద్దామని కాచుకుని ఉన్నాను. నరసరావుపేట నుంచి గాజులమ్మే సాయిబుల ఆవిడ మా వీధికి వస్తుంది. ఒకరోజు ఆమెను వసారాలో కూర్చోబెట్టి, గాజులు చూస్తానని చెప్పి, లోపల పొయ్యిలో ఊరికే నాలుగు కాయలు వేశాను. ఎవరికీ తిప్పకుండానే వేశాను. ఆమె దగ్గి దగ్గి గాజుల పెట్టె ఎత్తుకుని వీధిలోకి పోయింది. "కొనకపోతే కొనకపో తల్లీ, చంపుతావా ఏంది!" అని అక్కడి నుంచి తిట్టింది.

అప్పుడు ఒప్పుకోక తప్పలేదు. కాయల్లో ఘాటు మొదటి నుంచీ ఉంది. మాకే తెలియలేదు. పిల్లవాడు పాసైన రోజు, స్లాబు వేసిన రోజు, చొక్కా వేసుకున్న రోజు, ఎవరో మనవైపు పాడు కళ్ళతో చూశారని నేను నిద్ర మానుకున్న రోజులన్నీ ఉత్త మంచి రోజులే. వాటికి ఏమీ కాలేదు. వాటి పాటికి అవి వచ్చి పోయాయి. అవి జరుగుతుంటే నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

దిష్టి లేదని నేనిప్పుడూ అనను. ఉంది. కానీ దాన్ని పట్టుకునే దారి నాకు పోయింది. ఆ తర్వాత దిష్టి తీయడం మానేశాను. సిగ్గేసిందో, ఆయన నవ్వుతాడనుకున్నానో, తోటికోడలు ఎత్తిపొడుస్తుందనుకున్నానో. మానేశాను.

ఆ మరుసటి ఏడే మిరపకు నల్ల తామరపురుగు పట్టింది. పూత మీద మిడతల గుంపులా పడింది. పూత రాలింది, ఆకు ముడుచుకుంది. మందు మీద మందు కొట్టారు. ఆఖరికి పచ్చి చేనునే ట్రాక్టరు పెట్టి దున్నేశారు. మాదే కాదు, చుట్టుపక్కల అన్ని ఊళ్ళల్లోనూ అంతే. చెబితే తప్పుగా వినపడుతుంది, కానీ ఉన్నది చెబుతున్నాను. ఆ ఏడు నేను నిశ్చింతగా నిద్రపోయాను. చూసి ఏడవడానికి మా దగ్గర ఏముంది? మా తోటికోడలు గోడ మీద నుంచి పలకరిస్తే మొదటిసారి ఆమె కళ్ళల్లోకి చూసి మాట్లాడాను. ఇద్దరం కలిసి ఏడ్చాం కూడా.

అలా కొన్నాళ్ళు గడిచాక ఇంట్లో ఏదో తక్కువైనట్టు అనిపించింది. చేలో మోటారు ఆడుతున్నంత సేపూ ఆ చప్పుడు మనకు వినపడదు. ఆగితే తెలుస్తుంది. అట్లా తెలిసింది. మా ఆయన బాగుంది అనడం మానేశాడు. అరుగు మీద కూర్చునేవాడు, తినేవాడు, లేచేవాడు. ఇన్నేళ్ళు నోరు మూసుకో మూసుకో అన్నదాన్ని, నిజంగా మూసుకుంటే భయమేసింది. ఒకరోజు కావాలని గోంగూర పచ్చడి నూరి, ఉల్లిపాయ కోసి, వెన్న వేసి పెట్టాను. పక్కన నిలబడ్డాను.

"పచ్చడి ఎట్టా ఉంది?"

"ఊఁ" అన్నాడు.

ఆ ఏడంతా ఊఁ తోనే గడిచింది.

మళ్ళీ ఏడు భయపడుతూనే మిరప వేశాం. పురుగు రాలేదు. గొప్ప పంట కాదు గానీ కాయ ఎర్రగా, గట్టిగా ఉంది. కోతలకు కర్నూలు వైపు నుంచి కూలీలు వచ్చారు. కల్లంలో కాయలు పోసి, ఎండాక నల్లపాడు రోడ్డులోని కోల్డ్ స్టోరేజీకి పంపుదామని లారీ మాట్లాడుకున్నాం. ఇదిగో ఈ పిల్ల కట్టి పంపిన పెరుగన్నం ఆ రోజు ట్రక్కు నీడలో తిన్నాం. అప్పుడు అడిగాడు ఆయన, ముందే చెప్పానుగా.

పక్క కల్లంలో మనుషులున్నారని ఆయన్ని కసిరాను కదా. తర్వాత తెలిసింది, వాళ్ళు ఆ కర్నూలు కూలీలే. తలకు గుడ్డ చుట్టుకుని గురకలు పెట్టి నిద్రపోతున్నారట. ఆయన మాట వినడానికి అక్కడ నేను తప్ప ఎవరూ లేరు.

దినాలయ్యాక అందర్నీ పట్టుకుని అడిగాను. డాక్టర్ని, మా అబ్బాయిని, బావగారిని. ముందే ఏమన్నా నొప్పి ఉందా, ఎవరితోనైనా చెప్పాడా, పోతానని తెలిసి అడిగాడా అని. అందరూ లేదన్నారు. అందరూ ఒకేలాగా లేదన్నారు, అదే నాకు నచ్చలేదు. మా తోటికోడలు మాత్రం, "ఎందుకే తవ్వుకుంటావు? మాటవరసకి అన్నాడు" అంది. ఆయన మాటవరసకు అడిగే మనిషి కాదు. నాకు తెలుసు. నేను సుఖపడలేదనుకున్నాడు. అందుకే అడిగాడు. అడిగితే నోరు మూసుకోమన్నాను. అంతటితో తీర్పు రాసుకుని పోయాడు. ఇదే నాలో నేను అనుకుంటూ తిరిగాను.

ఆయన పోయిన కొన్ని నెలలకు మనవరాలు పుట్టింది. అది మొన్నామధ్య నడక నేర్చింది. వసారాలో పోసిన కాయల మీదే మొదటి అడుగులు వేసింది. కాయలు చిటపటలాడుతుంటే దానికి నవ్వు. నాకు ఆగలేదు. లోపలికి పోయి ఉప్పూ కాయలూ పట్టుకొచ్చి దాని చుట్టూ తిప్పాను. నాకు పొగ ఏం చెప్పదని తెలుసు. అయినా తిప్పాను. కోడలు పిల్లను చంకనేసుకుని బయటికి పరిగెత్తింది, దగ్గుతూ, తిట్టుకుంటూ. దగ్గు తగ్గాక వచ్చి, నా పక్కన కూర్చుని, ఈ మాట చెప్పింది.

"మావయ్య ఒకసారి నాతో అన్నారత్తయ్యా. 'మీ అత్త బాగుందని నోటితో అనదమ్మాయ్. ఉప్పూ మిరపకాయలూ చేత్తో పట్టుకుందంటే బాగున్నట్టు. నేను ఆ పొగ కోసమే చూస్తా ఉంటా' అన్నారు."

నేను వెంటనే అడగడం మొదలుపెట్టాను. ఎప్పుడన్నాడు? ఎక్కడన్నాడు? కూర్చుని అన్నాడా, నిలబడి అన్నాడా? పాలు పితికేటప్పుడు కొట్టం దగ్గర అంది. మళ్ళీ అడిగితే, కాదు, స్నానం చేసి వచ్చాక అంది. మాట మారింది. వీళ్ళ డెల్టా వైపు వాళ్ళవి తీపి నోళ్ళు. ముసలిది కుమిలిపోతోంది, ఒక మాట అల్లి పెడదాం అనుకుందేమో. ఎందుకనుకోకూడదు?

ఇప్పుడు కూడా తల ఊపుతోంది, కాదు కాదని. నువ్వు రాయి.

అయితే ఆ రోజు నుంచీ నాకు ఇంకో సంగతి పట్టుకుంది. ఆ మాట నిజమే అయితే, ఆయన ఎందుకడిగాడో తెలిసిపోయినట్టే. నేను దిష్టి తీయడం మానేశాను కదా. పంట మళ్ళీ వచ్చింది, కల్లం ఎర్రగా నిండింది, ఆయన చూస్తున్నాడు, పొగ రాలేదు. పొగ రాకపోతే ఆయనకు ఎట్లా తెలుస్తుంది? అందుకని నోటితో అడిగాడు. ఇన్నేళ్ళు అడగనివాడు ఆ రోజు అడగడానికి కారణం అదే. అంటే, అంతకుముందు అడగలేదంటే, అడగాల్సిన పని లేకపోయిందన్నమాట. తెలుసన్నమాట. పొయ్యి దగ్గర కూర్చుని పొగ వైపు చూసిన ప్రతిసారీ నా మాట వింటూనే ఉన్నాడు.

ఇంత సరిగ్గా అతికిన మాటను నేను చప్పున నమ్మను. కానీ నమ్మాలని ఉంది. ఆ రెండింటి మధ్య కొట్టుకుంటున్నాను. అందుకే ఈ రాత.

నాలాంటివాళ్ళు మా వైపు ఇంటికొకరు ఉన్నారు. వాళ్ళను బాగుందని గట్టిగా అనమని నేను చెప్పను. నాకే ఇంకా భయం. అనకపోతే పోనీండి. కనీసం అది జరుగుతున్నప్పుడు అటు తిరిగి చూడండి. నేను చూడలేదు. ఆయన నవ్వాడో లేదో కూడా నాకు తెలియదు.

ఆయన అడిగినదానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. కిటికీ తీసే ఉంది. గోడ అవతల మా తోటికోడలు గిన్నెలు కడుగుతోంది, వింటే విననీ. ఆ ఏడు బాగుంది. అంతకుముందు ఏళ్ళూ బాగున్నాయి. పురుగు పట్టిన ఏడు తప్ప అన్నీ బాగున్నాయి, ఆ ఏడు కూడా నువ్వున్నావు గనక మరీ అంత చెడ్డదేం కాదు. నేను సుఖపడ్డానయ్యా. రాశావా అమ్మాయ్? ఉన్నది ఉన్నట్టు రాయి, సుఖపడ్డాను అని. ఏడుస్తూ రాస్తే ఆ ఫోన్లో తడి పడుతుంది, ముక్కు తుడుచుకో.

ఇంక చాలు. ఇప్పుడు నాకు చదివి వినిపించు. మొదటి నుంచి వద్దు. మావయ్య నీతో అన్న మాట ఉంది చూడు, అక్కడి నుంచి. గబగబా చదవకు. ఫోను కాస్త దించు, నీ మొహం నాకు కనబడాలి. అబద్ధమైతే నీ గొంతులో తెలిసిపోతుంది. ఊఁ, చదువు.